వెనక బెంచీ దిండు

కోర్టు మెట్ల పక్కన నిలబడి ప్లీడరు తన దిండు దులుపుకుంటున్నాడు. అరచేత్తో నాలుగు చరుపులు చరిచి, నలిగిన మూలలు లాగి సరిచేసి, చంకలో ఇరికించుకున్నాడు. పాత నల్లకోటు చిరిగిపోతే దాని బూడిదరంగు అస్తరు ఊడదీసి భార్య కుట్టిపెట్టిన దిండు అది. కోర్టు బెంచీలు మనుషుల నడుములు విరగ్గొట్టడానికే చేయించారని ఆయన గోల. కూర్చోమని మిమ్మల్నెవరు బతిమాలారని ఆవిడ జవాబు.

ఆవిడ అన్నదీ నిజమే. కేసుల్లేని ప్లీడర్లంతా పక్కగదిలో చేరి లోకాన్ని ఉతికి ఆరేస్తుంటే, ఈయన మాత్రం హాల్లో వెనక బెంచీ మీద దిండు వేసుకుని జడ్జిగారినే చూస్తూ కూర్చుంటాడు. జడ్జిగారు ఏ మాటకు కలం కింద పెడతారు, ఏ మాటకు కళ్ళద్దాలు తీస్తారు, ఎవరి ఏడుపుకు కరుగుతారు, ఎవరి ఏడుపుకు విసుక్కుంటారు, ఇవన్నీ ఆయనకు కావాలి. తోటివాళ్ళు ఆయనకు దిండు ప్లీడరని పేరు పెట్టారు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు పెద్దకోర్టులకు వెళ్ళారు, కార్లు కొన్నారు. ఈయన కొట్లాటలూ చిల్లర దొంగతనాలూ చూసుకుంటూ ఇక్కడే తల నెరిపించుకున్నాడు. పేరు ఒక్కసారైనా పేపర్లో పడలేదు. అయినా మెట్లెక్కేటప్పుడు ఆ దర్జా చూడాలి, కోర్టు తాతలనాటి ఆస్తి అన్నట్టుంటుంది.

ఇవాళ మాత్రం మెట్ల మధ్యలో ఆగి కాస్త ఊపిరి తీసుకున్నాడు.

పైన గుమ్మం దగ్గర ఒక కుట్టుపని చేసుకునే ఆడమనిషి ఆయన కోసం కాచుకుని ఉంది. ఆమె తమ్ముడు రొట్టెల బట్టీలో కూలీ. చిల్లర దగ్గర మాటామాటా పెరిగి ఒక కొట్టు యజమానిని తోసేశాడు. పెద్దాయన పడి కుడిచేతి మణికట్టు విరిగింది. తమ్ముడు తప్పు ఒప్పేసుకున్నాడు. శిక్ష ఏమిటో జడ్జిగారు ఇవాళ చెబుతారు. జైలంటే బట్టీలో పని పోయినట్టే. ఇంట్లో చూస్తే మరదలికి నిండునెలలు.

దిండు ప్లీడరుకి జడ్జిగారు బాగా తెలుసని ఎవరో చెబితే ఆమె మొదటిసారి పరుగెత్తుకొచ్చింది. రాత్రికి జడ్జిగారింటికి వెళ్ళి ఒక్క మాట చెప్పమని బతిమాలింది. ఆయన నవ్వాడు.

"తెలుసమ్మా, బాగా తెలుసు. ఆయన ఇంటికి దారి మాత్రం తెలీదు."

ఆ తర్వాత, కొట్టు యజమానిని చూసొచ్చావా అని అడిగాడు. ఆమెకు ఒళ్ళు మండింది. తమ్ముణ్ణి బోనెక్కించినవాడి గుమ్మం తొక్కాలా అంది.

"తొక్కాలి. ఈ జడ్జిగారు ముద్దాయి మొహం తర్వాత చూస్తారు, దెబ్బ తిన్నవాడు ఎలా ఉన్నాడని ముందు అడుగుతారు. మనకి తెలీదంటే ఇక మనం ఏం చెప్పినా ఆయన చెవికెక్కదు. కేసు ఊసెత్తకు. ఊరికే చూసిరా."

తిట్టుకుంటూనే వెళ్ళింది. వెళ్ళేసరికి ఆ పెద్దాయన ఎడమచేత్తో కొట్టు షట్టరు ఎత్తలేక కిందామీదా పడుతున్నాడు. ఆమె నోరు మెదపకుండా షట్టరు ఎత్తింది. పొమ్మన్నాడు, పోయింది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. ఇదంతా ఎవరూ చెప్పి చేయించింది కాదు. ఆ సంగతి విన్నరోజు ప్లీడరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

హాల్లో కేసు పిలిచారు. ప్లీడరు లేచి, ముద్దాయి పేదరికం గురించి గానీ, నిండుచూలాలి గురించి గానీ ఎత్తలేదు.

"కొట్టు యజమాని చెయ్యి ఇంకా అతుక్కోలేదండి. చొక్కా గుండీలు వాళ్ళావిడే పెడుతోంది. షట్టరు ఎత్తలేరు, బరువు దించలేరు. తప్పు మాది. దాన్ని చిన్నది చేసి చెప్పను."

అక్క చివ్వున తలెత్తింది. ఈయన ఎవరి ప్లీడరు దేవుడా అనుకుంది. ప్రభుత్వ ప్లీడరు తను చెప్పాల్సిందంతా అవతలివాడే చెప్పేశాడని కాగితాలు మడిచి పక్కన పెట్టాడు. జడ్జిగారు మాత్రం కలం కింద పెట్టి, కళ్ళద్దాలు తీశారు. వెనక బెంచీ మీద కూర్చుని ఇన్నాళ్ళూ చూసింది ఈ క్షణం కోసమే. ప్లీడరు ఛాతీ పొంగింది. అప్పుడు షట్టరు సంగతి చెప్పాడు. చెయ్యి నయమయ్యేదాకా ఆ పని తానే చేస్తానని ముద్దాయి ఒప్పుకున్నాడనీ చెప్పాడు.

నిజమేనా అన్నట్టు జడ్జిగారు హాల్లోనే ఉన్న కొట్టు యజమాని వైపు చూశారు.

"పొమ్మన్నానండి," అన్నాడాయన. "మర్నాడు మళ్ళీ వచ్చింది. ఏమీ అడగలేదు."

జడ్జిగారు జైలు వెయ్యలేదు. వైద్యం ఖర్చు కట్టాలన్నారు. మంచి నడవడికి పూచీ రాయించుకున్నారు. షట్టరు ఒక్కపూట ఎత్తలేదని తెలిసినా మళ్ళీ తన ముందుకే రావాల్సి ఉంటుందని గట్టిగా చెప్పారు.

వరండాలో అక్క కళ్ళు తుడుచుకుంటూ, జడ్జిగారితో లోపల్లోపల ఏం మాట్లాడారో చెప్పమంది.

"నువ్వు విన్నదేనమ్మా. సగం నేను చెప్పాను, సగం నీ చేతులు చెప్పాయి. పో, కొట్టు కట్టేసే వేళవుతుంది, నీ తమ్ముణ్ణి తీసుకెళ్ళు."

ఆయనకు ఇక ఆ రోజు పని లేదు. ఇంటికి పోతే భార్య సంతోషించేది. కానీ అలవాటు ఊరుకుంటుందా. ఎడమ భుజం నిమురుకుంటూ లోపలికి వెళ్ళి, వెనక బెంచీ మీద దిండు సర్దుకుని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తర్వాతి కేసు గొడ్డు చేలో పడిందని జరిగిన కొట్లాట. జడ్జిగారు అడిగారు, దెబ్బ తిన్నవాడు ఎలా ఉన్నాడని. ప్లీడరు పెదవుల మీద నవ్వు వచ్చింది.

సాయంత్రం జడ్జిగారు లేచారు. హాలంతా లేచింది. వెనక బెంచీలో ఒక్కడు లేవలేదు. మర్యాద తెలీదా అంటూ బంట్రోతు విసురుగా అటు కదిలాడు. జడ్జిగారు చెయ్యెత్తి ఆపారు.

"లేవగలిగితే ఆయన లేచేవారే. డాక్టర్ని పిలవండి."

డాక్టరు వచ్చి తల అడ్డంగా ఊపాడు.

జడ్జిగారు ఎవరి గడపా తొక్కరని ఊరందరికీ తెలుసు. ఆ పూట బంట్రోతును పిలిచి, ప్లీడరుగారింటికి దారి ఎటని అడిగారు. వెళ్ళి, ఆవిడ ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాక ఆవిడ తలెత్తి, ఇవాళ్టి కేసు ఏమైందని అడిగింది.

"గెలిచారమ్మా."

"పొద్దున్నే అన్నారు, మీరు వింటారని," అంది ఆవిడ. ఆ ఏడుపులోనూ ఆ మొహంలో గర్వం దాగలేదు.

మళ్ళీ కోర్టు తెరిచిన ఉదయం బంట్రోతు బెంచీలన్నీ తుడుచుకుంటూ వచ్చి, చివరిదాని దగ్గర ఆగి, చుట్టూ మాత్రం తుడిచి వెళ్ళిపోయాడు. బెంచీ మీద బూడిదరంగు దిండు, మనిషి కూర్చున్న గుంట ఇంకా పూడకుండా, అలాగే ఉంది.