పొగే దిక్కు

జగిత్యాల నుంచి గొల్లపల్లి వెళ్ళే దారిలో ఉన్న యూనివర్సిటీ క్యాంపస్‌లో మొదటిసారి ఫైర్ డ్రిల్ పెట్టారు. ప్రిన్సిపాల్ జలపతి రావు పొద్దున్నే మైకు అందుకున్నాడు.

"సైరన్ మోగంగనే అందరు గ్రౌండ్‌లకు రావాలె. నేను చెప్పేదాంక ఒక్కలు సుత లోపలికి పోవద్దు!"

నిజంగా అంటుకున్నట్టే ఉండాలని లైబ్రరీ వరండాలో పచ్చిగడ్డి కాల్చి పొగ పెట్టించాడు. వాలంటీరుగా ఉన్న దీవెన అనే విద్యార్థిని సైరన్ నొక్కింది. పిల్లలు నవ్వుకుంటూ, సెల్ఫీలు దిగుతూ గ్రౌండ్‌కు చేరుకున్నారు. జలపతి రావు ముఖం వెలిగిపోయింది.

అయితే గ్రౌండ్ పక్కన నీళ్ల ట్యాంకు కింద పెద్ద తేనెపట్టు ఉంది. సైరన్ మోతకు అది కాస్తా కదిలింది.

"ఓయవ్వో, తేనెటీగలు!" అని ఎవరో అరిచారు. జనం తలో దిక్కు పరుగు తీశారు. దీవెన మైకు గుంజుకుంది.

"పొగలకు ఉరుకుండ్రి! గవి పొగలకు రావు!"

అందరికంటే ముందు లైబ్రరీ వరండాలోకి దూరింది జలపతి రావే. మిగతావాళ్లు వెనకే వచ్చి పడ్డారు. కళ్లు మండుతున్నా, దగ్గు ఆగకపోయినా, ఒకరినొకరు ఒత్తుకుని ఆ పొగలోనే నిలబడ్డారు.

ఇంతలో డ్రిల్ కోసం పిలిచిన ఫైరింజన్ వచ్చింది. సిబ్బంది పైపు లాగి వరండా వైపు తిప్పారు. జలపతి రావు వాచిన పెదవితో చేతులు జోడించాడు.

"తమ్మీ, మీకు దండం పెడుత! గీ పొగనైతే ఆర్పకుండ్రి!"

వాళ్లు అయోమయంగా ముఖాలు చూసుకున్నారు. అంతలోనే డ్రైవర్ చెవి మీద ఒక తేనెటీగ కుట్టింది. పైపు అక్కడే పడేసి వాళ్లూ పొగలోకి ఉరికారు.