ఐసు పెట్టెలో ఊపిరి

ఆ ఉదయం ఆకాశం సముద్రం మీదికి బాగా దిగి ఉంది. మబ్బుకీ నీటికీ మధ్య సన్నటి తెల్లగీత ఒక్కటే. ఎండ వస్తుందో వాన వస్తుందో బోటులో ఎవరూ తేల్చలేకపోయారు. నాకు ఏదైనా ఒకటే. నేను ఒక ఐసు పెట్టెను.

నన్ను నీలం ఫైబరుతో పోతపోసి, రెండు గోడల మధ్య థర్మాకోల్ కూరారు. పుట్టిన షెడ్డు గురించి జిగురు వాసన, దగ్గే కూలీలు తప్ప నాకేమీ గుర్తులేదు. సూరాడ దానేసు నన్ను కొని తన బోటులో దించిన రోజున పసుపు రాసి, బొట్టు పెట్టి, నా ముందు కొబ్బరికాయ కొట్టాడు. మర్నాటి నుంచి కళాసీలు నా మీదే కూర్చుని చుట్టలు కాల్చారు. మనుషుల భక్తి మొదటిరోజు ఎక్కువగా ఉంటుంది.

చచ్చినవాటిని చెడిపోకుండా చూడడం నా పని. వలలో పడ్డ చేపలే అన్నీ: వంజరాలు, కానాగంతలు, కవ్వలు. పైన ఐసు, కింద ఐసు, మధ్యలో అవి. నాలోకి వచ్చాక ఏదీ ఎక్కువసేపు కదల్లేదు.

నాలో వేయనిది ఒక్కటే, తాబేలు. అది వలలో పడితే దానేసు ముఖం మారిపోయేది. వల ఎంత ఖరీదైనదైనా కత్తితో కోసేసేవాడు. తాబేలును కడిగి, డిప్ప మీద కుంకుమ పెట్టి, తలపాగా తీసి మొక్కేవాడు. సాక్షాత్తూ కూర్మనాథుడే తన వలలో పడ్డాడని, ఆయన్ని బోటులో ఒక్క నిమిషం ఎక్కువ ఉంచినా పాపమని అతని నమ్మకం. రెక్కలు కొట్టుకునేవి వెంటనే ఈదిపోయేవి. కొన్ని తల వేలాడేసి, తడిగుడ్డలా ఉండేవి. వాటిని మరింత తొందరగా, మరింత సుతారంగా, రెండు చేతులతో నీళ్లలో పెట్టేవాడు. అవి బొట్టుతోనే కిందికి దిగిపోయేవి. దేవుడు తన ఇంటికి వెళ్లిపోతున్నాడని బోటులో అందరూ అనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ ఉదయం వల ఒడ్డుకి దగ్గరలోనే వేశారు. లాగేసరికి పెద్ద ఆడ తాబేలు. ముందు రెక్కకి తాడు బిగిసి కోసుకుపోయింది. తల వేలాడుతోంది. దానేసు తాడు కోశాడు, కడిగాడు, కుంకుమ పెట్టాడు. నీళ్లలో వదలడానికి రెండు చేతులూ దాని కిందికి పోనిచ్చాడు. అప్పుడు ఒడ్డు మీంచి కేక వినిపించింది.

"అయ్యా! ఒగ్గకు, ఒగ్గకు! అది సచ్చిపోనేదు!"

దానేసు కూతురు పైడమ్మ. ఒడ్డున తాబేలు గుడ్లు కాపాడే షెడ్డు ఒకటి ఉంది. దెబ్బ తగిలిన తాబేళ్లకు అక్కడే వైద్యం చేస్తారు. పైడమ్మ అందులో పనికి కుదిరింది. నడుంలోతు నీళ్లలోకి వచ్చి బోటు అంచు పట్టుకుంది.

"సామినెట్టుకుని ఏటాటలే గుంటా? ఎనక్కెల్లు," అన్నాడు దానేసు.

"ఇప్పుడు నీల్లల్లో ఒగ్గితే మునిగి సచ్చిపోద్దయ్యా."

బోటులో ఉన్న పైడమ్మ మేనమామ ఎల్లాజీ పకపకా నవ్వాడు. "తాంబేలు నీల్లల్లో మునిగి సస్తాదేటే? మీ షెడ్డులో సదువు బాగుందే!"

"దానికీ మనలాగే ఊపిరితిత్తులే మావా. వల్లో సిక్కి గాలందక సొమ్మసిల్లిపోనాది. పెట్టి కాళీ సెయ్యండి, బేగి!"

దానేసు కూతురి ముఖం చూశాడు. తర్వాత నన్ను తనే పట్టుకుని వంచాడు. ఐసంతా సముద్రంలో పడిపోయింది. తాబేలును బోర్లానే నాలో పెట్టి, వెనక భాగం కింద మడతపెట్టిన వల దూర్చి ఎత్తుగా లేపారు. పైడమ్మ తడి గోనె కప్పింది. దాని నోట్లోంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా నా అడుగున పడ్డాయి.

ఒడ్డున నీడలో నన్ను దించారు. దానేసు పక్కనే గొంతుక్కూర్చున్నాడు. తిండికి లేవలేదు. పొద్దు నడినెత్తి దాటాక నాలో ఒక చప్పుడైంది. ముసలివాళ్లు నిద్రలో నిట్టూర్చినట్టు. తాబేలు తల కొంచెం ఎత్తి ఊపిరి తీసుకుంది.

పైడమ్మ చప్పట్లు కొట్టింది. ఎల్లాజీ నవ్వు మానేసి దండం పెట్టాడు. దానేసు మాత్రం కదల్లేదు. తాబేలు తల వైపే చూస్తూ అడిగాడు.

"ఓలమ్మీ, మెత్తగా ఏలాడిపోయినవన్నీ ఇలాగే లెగుస్తాయేటి?"

"అన్నీ లెగవయ్యా."

"కొన్నయితే లెగుస్తాయి గదా?"

పైడమ్మ గోనె తీసి, మళ్లీ తడిపి కప్పింది. దానేసు మళ్లీ అడగలేదు.

పట్నం నుంచి పశువుల డాక్టరు వచ్చి రెక్కకి కుట్లు వేశాడు. గాయం మానేదాకా అది నాలోనే ఉంది. ప్రాణమున్నది నాలో కదులుతుంటే మొదట్లో నాకు వింతగా ఉండేది. రెక్క నా గోడకి తగిలినప్పుడల్లా ఎవరో తలుపు తట్టినట్టుండేది. పైడమ్మ రోజూ నీళ్లు మార్చేది. దానేసు వేట నుంచి రాగానే, అమ్మకానికి తీయకముందే, లావుపాటి కవ్వలు ఏరి తెచ్చేవాడు. తినేదాకా చూసేవాడు. ముట్టుకునేవాడు కాదు.

"ఏటి బావా, పురిటికొచ్చిన కూతురికి పెట్టినట్టు పెడతన్నావు! ఎల్లేటప్పుడు సీర కూడా పెడతావేటి?" అన్నాడు ఎల్లాజీ.

దానేసు నవ్వలేదు. "ఇదొక్కటైనా బతికెల్లాల్రా," అన్నాడు.

ఊపిరితిత్తుల్లో నెమ్ము మిగిలితే తాబేలు ఒక పక్కకి ఒరిగి తేలుతుందట, మునగలేదట. అలాంటిదాన్ని వదలకూడదని డాక్టరు చెప్పాడు. అందుకని, మునగగలదో లేదో చూడడానికి ఇసకలో గొయ్యి తవ్వి, టార్పాలిన్ పరిచి, నీళ్లు నింపి దింపారు. మొదట ఒరిగే తేలింది. దానేసు ఆ గట్టు వదల్లేదు. చివరికి ఒక రోజు అది తల వంచి అడుక్కి పోయి, అక్కడే పడుకుంది.

వదిలే రోజున మళ్లీ నాలోనే మోశారు. అల తాకేచోట నన్ను ఒరగదీస్తే తాబేలు ఇసక మీద పాకింది. దానేసు దానికి బొట్టు పెట్టలేదు. "పెట్టయ్యా," అని పైడమ్మ అంటే తల అడ్డంగా ఊపాడు. అల వచ్చి దాన్ని ఎత్తుకుంది. అతను మోకాళ్లలోతుకి వెళ్లి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. దూరంగా చిన్న నల్ల తల పైకి వచ్చింది.

"లెగిసింది," అన్నాడు. కాసేపయ్యాక, "మల్లీ లెగిసింది."

ఇంక కనబడలేదు. అయినా అతను అక్కడే నిలబడ్డాడు. ఒక్కదాన్ని సాగనంపిన మనిషి చూపు కాదది. నేను ఆ బోటులో చాలా ఏళ్లు ఉన్నాను. బొట్టుతో కిందికి దిగిపోయినవాటి కోసం అతను ఎక్కడెక్కడ చూస్తున్నాడో నాకు తెలుసు.

దానేసు భార్య కొర్లమ్మ కేరేజీ తెచ్చి, నా మూత మీద గిన్నెలు పరిచింది. అన్నం, ముద్దపప్పు.

"అక్కా, సేపముక్క నేదేటే?" అన్నాడు ఎల్లాజీ.

"మీ బావే ఈయేల నీసు వండొద్దన్నాడు," అంది కొర్లమ్మ.

వాళ్ల ఇళ్లలో మనిషి పోయిన నాడు అలా తింటారు. ఎల్లాజీ అన్నం గిన్నె మూత తీశాడు. పైడమ్మ తండ్రిని చెయ్యి పట్టుకుని నీళ్లలోంచి తీసుకొచ్చింది. నలుగురూ నా చుట్టూ ఇసకలో కూర్చున్నారు. దానేసు ముద్ద కలిపి చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నాడు. తర్వాత తిన్నాడు. అతను తిన్నాక మిగిలినవాళ్లూ తిన్నారు.