తిరిగే అల్మరా

ముహ్లిస్ మేస్త్రీ ఇరుసుకు సబ్బు రాసి, అల్మరాను వేలితో నెట్టాడు. గోడలో అమర్చిన ఆ గుండ్రటి చెక్క అల్మరా చప్పుడు లేకుండా తిరిగింది. పాత ఇళ్లలో ఆడవాళ్లు వంటగదిలోంచి పళ్లేలు అందులో పెట్టి తిప్పితే, అవతల మగ అతిథులు అందుకునేవారు. ఎవరి మొహం ఎవరికీ కనబడేది కాదు.

ఆయనకు అరవై నాలుగేళ్లు. నడుము వంగింది, కుడి చూపుడువేలికి కొస లేదు. పాత చెక్క ఇళ్లకు పేరుపడ్డ తన ఊరు సఫ్రన్‌బోలు వదిలి అంకారా వచ్చిన ఈ ఇరవై ఏళ్లుగా చేసిందల్లా అబద్ధపు పనే. కాంక్రీటు మీద చెక్క దూలాలు అతికించడం, ఎవరూ కూర్చోలేని కిటికీ అరుగులు బిగించడం. పొట్ట గడుస్తోంది కనుక నోరెత్తలేదు గాని, లోలోపల సిగ్గుపడేవాడు. పాతకాలపు తీరులో కొత్తగా కడుతున్న ఈ నమూనా ఇంట్లో అల్మరా మాత్రం నిజంగా తిరగాలని పట్టుబట్టి మూడు నెలలు చెక్కాడు. బాగుంటే ఇక్కడ కట్టబోయే నలభై రెండు ఇళ్లకూ ఇదే పెడతామన్నారు కంపెనీవాళ్లు. తను పోయాక కూడా ఎవరో ఒకావిడ తన పనిని రోజూ తిప్పుతూ ఉండాలి. ఆయన కోరిక అంతే.

రంగులేసే రెజాయి తన టీ గ్లాసు అరలో పెట్టి తిప్పాడు.

"బాబాయ్, పెళ్లాం మొహం చూడకుండా తినే యంత్రమా ఇది? నాకూ ఒకటి చేసిపెట్టు."

"మీ ఆవిడ ముందే అడిగి వెళ్లిందిలేరా."

పదకొండింటికి ఆర్కిటెక్ట్ బెర్రిన్ వచ్చింది. రెండుసార్లు తిప్పి చూసి మురిసిపోయింది. తర్వాత తల దించుకుంది.

"చాలా బాగుంది మేస్త్రీ గారూ. కానీ ప్లాను మార్చేశారు. వంటగది హాల్లో కలిపేశారు. దీని వెనక ఇప్పుడు పక్కింటి గోడ వస్తుంది."

"మరి తిప్పితే ఎటు పోతుందమ్మా?"

"తిప్పొద్దండీ. బిగించేద్దాం. లోపల లైటు పెడితే అందంగా ఉంటుంది."

"తిరక్కపోతే అది బొమ్మమ్మా."

"కొనేవాళ్లకి బొమ్మే కావాలి, ఏం చెయ్యను?" అంది. ఆమె గొంతు కూడా నీరసంగా ఉంది.

ఇంకొకరు బిగిస్తే చెక్క చీలిపోతుందని నాలుగు మరలూ ఆయనే బిగించాడు. నాలుగోది బిగించి మర తిప్పే పనిముట్టు సంచిలో పెట్టుకున్నాడు. ఇక చేయడానికేమీ మిగల్లేదని తెలిసిపోయింది. ఏడుద్దామంటే ఏడుపు కూడా రాలేదు.

సాయంత్రం తొమ్మిదో అంతస్తులోని ఫ్లాటుకు చేరి, రెండు చెంచాల ఎర్రపప్పు చారు తాగి, "కాస్త ఒరుగుతానే నెజిహే" అన్నాడు. భార్య టీ తెచ్చేసరికి ప్రాణం పోయింది.

మర్నాడు ఖననం అయ్యాక నెజిహె తమ ఊరి ఆచారం ప్రకారం ఆయన బూట్లు తుడిచి గుమ్మం బయట పెట్టింది. దారిన పోయే పేదవాడెవరైనా వాటిని తొడుక్కుని వెళ్లాలి. ఊళ్లో అయితే పొద్దుగూకేలోపే వెళ్లిపోయేవి.

మూడో రోజు వాచ్‌మన్ తలుపు తట్టాడు.

"అమ్మా, వరండాలో చెప్పులు పెట్టకూడదు కదా."

"ఎవరైనా తీసుకెళ్తారు నాయనా, ఉండనీ."

"ఇంత పైకి ఎవరొస్తారమ్మా? అలాంటోళ్లని కింద గేటు దగ్గరే ఆపేస్తాం."

ఆమె తలుపు వేసుకుంది. వారం గడిచినా, ఎంత తుడిచినా వదలని చెక్కపొడి కుట్లలో నింపుకుని, ఆ బూట్లు లిఫ్టు వైపు తిరిగి అక్కడే ఉన్నాయి.