కత్తెర తగలని కోటు

నేతపనిలో మేనమామను మించినవాడు లేడు, మొండితనంలో అసలే లేడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. మేనకోడలు రెడీమేడ్ కంపెనీలో వారానికో ఫ్యాషన్ గీసి గీసి విసిగి, ఏళ్ల తరబడి తొడుక్కునే బట్టలు చేద్దామని ఉద్యోగం మానేసి ఆయన దగ్గరికి వచ్చింది. వచ్చీరాగానే ఆయన నేసిన నూలుగుడ్డ మీద కత్తెర పెట్టబోయింది. ఆయన గుడ్డ లాక్కున్నాడు.

"మెడ దగ్గర ఇంత ముక్క కోసి చెత్తబుట్టలో పారేస్తావు. అది నెయ్యడానికి నా నడుం విరిగింది, తెలుసా?"

"కొయ్యకపోతే తల ఎలా దూరుతుంది మామయ్యా?"

"చదువుకున్నదానివి, నువ్వే ఆలోచించు."

ఆమెకు ఒళ్లు మండింది. అయినా వెళ్లిపోకుండా మగ్గం పక్కనే పీట వేసుకుని కూర్చుంది. పడుగు దారాల మధ్య ఈ అంచు నుంచి ఆ అంచుకు పరుగెత్తే నాడెను సాయంత్రందాకా చూసింది. మర్నాడు కాగితం మడిచి తెచ్చింది.

"ఒక నాడెకు బదులు రెండు వాడదాం. కుడి సగానికొకటి, ఎడమ సగానికొకటి. మధ్యలో చీలిక మిగులుతుంది. ఆ రెండూ కోటు ముందు భాగాలు. మెడ దాకా వచ్చాక మళ్లీ ఒకే నాడెతో వీపు నేసేద్దాం. భుజాల దగ్గర మడిచి, చేతులకు చోటు వదిలి, పక్కలు నేను చేత్తో కుడతాను."

"మగ్గం మీదే కోటు నెయ్యమంటావు!" మామయ్య పడీపడీ నవ్వాడు. నవ్వు ఆగాక కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, రెండో నాడె కోసం అటక ఎక్కాడు.

మొదటి కోటు అత్తయ్య తొడుక్కుంది. చేతులు పైకెత్తగానే మెడ వెనక పర్రున చిరిగింది.

"చెప్పానా!" అన్నాడు మామయ్య.

మేనకోడలు చిరుగును వెలుతురులో పెట్టి చూసింది. "రెండు సగాలు కలిసేచోటే బరువంతా పడుతోంది. అక్కడ జంట పోగు వేసి పట్టీలా బిగించి నెయ్యి."

ఈసారి అత్తయ్య రెండు చేతులూ ఎత్తి దూలం పట్టుకుని వేలాడినంత పని చేసింది. పోగు కదల్లేదు.

డిజైనర్ల ప్రదర్శనలో ఆ కోటును కొయ్యకు తగిలించారు. మేనకోడలి పాత మేనేజరు వచ్చి అటూ ఇటూ తిప్పి చూశాడు. "కటింగ్ ఎవరిది?"

"ఎవరిదీ కాదు," అన్నాడు మామయ్య మీసం దువ్వుతూ. "మా అమ్మాయి ఆలోచన, నా నేత. కత్తెరకు ఇక్కడ పనిలేదు."

అంతలో పెద్ద బట్టల షాపు యజమానురాలు వచ్చింది. భారీ మనిషి. కోటు తొడుక్కుంటే దర్జాగా అమరింది. పుల్లలా ఉన్న తన కూతురికిస్తే, నడుముకు తాడు కట్టుకుని ఆ పిల్లా మురిసిపోయింది. చుట్టూ జనం మూగారు.

"వచ్చే నెలకు ఇలాంటివి రెండొందలు కావాలి," అంది యజమానురాలు, కూతురి దగ్గర కోటు తీసుకుని మళ్లీ తొడుక్కుంటూ.

కంపెనీలో మేనకోడలు ఇలాంటి మాటకు తలూపడం తప్ప మరోటి ఎరగదు. మామయ్య ఆమె వైపే చూస్తున్నాడు.

"నెలకు నాలుగే వస్తాయండీ. మంచి గుడ్డకు తొందర పనికిరాదు," అంది మేనకోడలు.

యజమానురాలు అద్దంలో తనను తాను ఇటు చూసుకుంది, అటు చూసుకుంది.

"అయితే మొదటిది ఇదే. నేను విప్పేది లేదు," అంటూ కోటుతోనే నడిచింది. జనం చప్పట్లు కొట్టారు. మిగతా ఆడవాళ్లు "నా తర్వాతే నువ్వు" అంటూ వరుస కట్టారు. మేనకోడలు నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఉత్త చేతులతో ఇద్దరూ ఇంటికొచ్చేసరికి అత్తయ్య గుమ్మంలోనే ఆపింది.

"లోకానికంతా నేసి, ఇంటిదానికి మొండిచెయ్యి చూపిస్తారా? ముందు నాది!"

మామయ్య చెప్పులు విడిచి నేరుగా మగ్గం ఎక్కాడు.