పిడుల్లేని తలుపులు

ఆ షెడ్డులో మామాకోడళ్లిద్దరే పనివాళ్లు. మామగారు పాతకాలపు కార్లను విప్పి మళ్లీ బిగించే మెకానిక్కు. కోడలు సీట్లు కుడుతుంది. ఆరోజు ముసురు పట్టి లోపలంతా మసకగా ఉంది. ఉదయం ఒక కారుకు డ్యాష్‌బోర్డు బిగించి, బ్యాటరీ తగిలించి, దీపాలన్నీ వెలిగించి చూసుకున్నారు. తర్వాత ఆమె తివాచీ అంటించి ముందు సీటు దించింది.

"అమ్మాయ్, తలుపులు మూస్తున్నా. అంచుల రబ్బరు సరిగ్గా కూర్చుందో లేదో లోపల్నించి చూడు," అన్నాడాయన. మూసేసి, చెవులకు అడ్డాలు తగిలించుకుని, కారు ముందున్న గోడవైపు తిరిగి గ్రైండరు వేశాడు.

రబ్బరు చూశాక ఆమె సీటు బోల్టులు బిగించసాగింది. నాలుగోది మొండికేసింది. బలంగా తిప్పింది. చిటుక్కుమంది. తివాచీ కింద నుంచి పొగ లేచింది. బోల్టు వైరును కొరికేసిందని తెలిసేలోపే జిగురు అంటుకుంది.

తలుపు లోపలి పిడి కోసం చెయ్యి చాపింది. పిడి లేదు. అద్దం దించే హ్యాండిలూ లేదు. అవన్నీ ఇంకా బయట బల్లమీదే ఉన్నాయి. వాటి చోట బొటనవేలంత ఇనుప మొనలు. స్పానరు వేస్తే జారిపోయింది.

"మామయ్యా" అని అరిచింది. పిడికిళ్లతో అద్దం బాదింది. ఆయన వీపు కదల్లేదు. స్పానరు ఎత్తింది కానీ, చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ అద్దం కోసం ఆయన ఎనిమిది నెలలు పాతసామాన్ల కొట్లన్నీ గాలించాడు.

పొగ గొంతు పట్టేసింది. చచ్చిపోతాననుకుంది. తడుముకుంటూ డ్యాష్‌బోర్డు మీది ముందు దీపాల మీట లాగింది.

గోడమీద వెలుగుపడి, ఆయన నీడే ఆయన ముందు నిలువెత్తున లేచింది. ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

బయటి పిడి లాగి తలుపు తీశాడు. ఆమెను రెక్కపట్టి ఈడ్చి, బ్యాటరీ వైరు పీకి, మూలనున్న బకెట్లోని ఇసకంతా లోపల కుమ్మరించాడు. తర్వాత ఇద్దరూ నేలమీద కూలబడ్డారు. ఆయన చెవుల అడ్డాలు లాగి పక్కన పడేశాడు.

"అద్దం పగలగొట్టలేకపోయావా?"

"మీరు అన్నాళ్లు వెతికి తెచ్చారు కదా, మామయ్యా."



"అద్దమంటే మళ్లీ వెతుక్కుంటాను. నిన్నెక్కడ వెతుక్కోను తల్లీ?"

మర్నాడు ఆయన ముందు పిడులు బిగించి, తర్వాతే కొత్త వైరు వేశాడు. అయినా ఆమె కారు దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"నేను తలుపు పట్టుకుని నిలబడతా. నువ్వు కానివ్వు," అన్నాడు.

ఒక కాలు నేలమీదే ఉంచి, ఆమె సీటు బిగించింది.