రెండో బ్రేకు

పక్షవాతం వచ్చిన తర్వాత పాండురంగకు ఒక్క మాటే మిగిలింది. బ్రేక్. ఆకలేసినా బ్రేకే, ఫ్యాను వేయమన్నా బ్రేకే. ఉప్పల్, నాచారం సందుల్లో ఏళ్ల తరబడి జనానికి కారు నేర్పిన మనిషి. పక్క సీట్లో కూర్చుని, తన కాలి కింద బిగించుకున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించుకుని, పొద్దస్తమానం చెప్పిన మాట అదే. కుడికాలూ కుడిచెయ్యీ పడిపోయాయి, మాటలు పోయాయి. అది మాత్రం నాలుకను వదల్లేదు.

ఇక బండి నడిపే ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాక, అతని భార్య తారామణి కారు అమ్మకానికి పెట్టింది. ఆ సంగతి భర్తకు చెప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉండగానే ఆమె తమ్ముడు నరేన్ అన్నోజిగూడలో కొనేవాళ్లను కుదిర్చాడు.

"బండి మంచిగనే ఉందక్కా. గని ముందు చక్రాలు జూస్తె మాడిన పెనం లెక్కున్నయి. ఆదివారం మధ్యాన్నం వాళ్లొస్తరు, జర కడిగి పెట్టు" అన్నాడు ఫోన్లో.

ఆదివారం పొద్దున తారామణి భర్తను చక్రాల కుర్చీలో వరండా నీడకు తెచ్చి, బకెట్‌తో కారు దగ్గర కూర్చుంది. నేర్చుకునేవాళ్లు అడుగడుక్కీ బ్రేకు తొక్కుతారు. అరిగిన పొడి ఆ వేడికి చక్రాలకు అంటుకుని, మాడి, గట్టిపడిపోయింది. సబ్బునీళ్లకు పైనున్న దుమ్ము పోయింది గానీ నలుపు కదల్లేదు. ఆమె విసుగ్గా లేచి, గిన్నెలు తోమే స్టీలు పీచు తెచ్చింది.

"బ్రేక్!" పాండురంగ అరిచాడు.

"ఏంది? నీళ్లు గావాల్నా?"

"బ్రేక్! బ్రేక్!" ఎడమచేయి గాల్లో ఊపుతున్నాడు.

ఆమె పీచు పట్టుకునే ఆగిపోయింది. అమ్మకం సంగతి తెలిసిపోయిందా? అతను పీచును చూపించి వద్దన్నట్టు తల ఊపాడు. తర్వాత మెట్ల కింది అర చూపించాడు. చక్రానికి గీతలు పడతాయని అతని బాధ. అరలో చక్రాలు కడిగే మందుసీసా, మెత్తటి బ్రష్షు దొరికాయి.

మందు కొట్టిన కాసేపటికి నలుపు కరిగి ఊదారంగు చారలై కారింది. ఆరిపోకముందే రుద్దాలని అతను తొందరపెట్టాడు. ఆమె కుర్చీని చక్రం పక్కకు తోసింది. బ్రష్షు లాక్కుని, ఎడమచేత్తో, మూలమూలా రుద్దడం మొదలుపెట్టాడు. ఆమె నీళ్లు పోసింది, అతను మళ్లీ మందు కొట్టమని సైగ చేశాడు, మళ్లీ రుద్దాడు. లోహం తెల్లగా బయటపడింది. దవాఖానా నుంచి వచ్చాక అతని ముఖంలో అంత వెలుగు ఆమె ఎన్నడూ చూడలేదు.

చక్రం తుడిచి, అతను గోడకు ఆనించి ఉన్న డ్రైవింగ్ స్కూలు బోర్డును చూపించాడు. తర్వాత అది ఎప్పుడూ ఉండే కారు పైకప్పును చూపించాడు.

"బ్రేక్?" అన్నాడు నెమ్మదిగా, అడుగుతున్నట్టు.

తారామణికి అప్పుడు అర్థమైంది. మళ్లీ క్లాసులు మొదలవుతాయనుకుంటున్నాడు. లేకపోతే భార్య కారెందుకు కడుగుతుంది?

ఆమె బకెట్ పక్కకు పెట్టి తడినేల మీదే కూర్చుంది.

"గట్ల గాదయ్యా. బండి ఇచ్చేస్తున్నం. ఇంకొంచెం సేపట్ల వాళ్లొస్తరు. నీకు జెప్పనీకి నాకు నోరు రాలె. తిట్టు నన్ను."

తిట్టడానికి అతని దగ్గర మాట లేదు. ముఖంలో వెలుగు ఆరిపోవడం ఆమె కళ్లారా చూసింది. అతను బ్రష్షుతో కారు అవతలి వైపు చూపించాడు.

"వద్దులే, గది గట్లనే ఉండనీ."

అతను కుర్చీ చేతిని గట్టిగా కొట్టాడు. ఆమె లేచి కుర్చీని అటు తోసింది. రెండో చక్రాన్ని అతను తలెత్తకుండా రుద్దాడు. మొదటిదానికన్నా బాగా రుద్దాడు.

మధ్యాహ్నం కారు కొనేవాళ్లు, రమేష్, అతని భార్య మానస వచ్చారు.

"చక్రాలు కొత్తయి లెక్క మెరుస్తున్నయే!" అని రమేష్ మురిసిపోయాడు. తలుపు తీసి లోపలికి వంగాడు. "గీ రెండో బ్రేకు తీయించెయ్యాలె. మనకెందుకు?"

మానస మాత్రం పాండురంగ ముందుకొచ్చి నిలబడింది. "సార్, మా అక్క మీ దగ్గర్నే నేర్చుకుంది. మీరు జల్ది మంచిగైతే నేను గూడ మీ దగ్గర్నే నేర్చుకుంట" అంది.

మంచి మనసుతోనే అంది. "అట్లనేమ్మా" అని పాండురంగ బదులు తారామణి చెప్పింది.

కారు మల్లాపూర్ వైపు మలుపు తిరిగి వెళ్లిపోయింది. తారామణి గోరువెచ్చని నీళ్లు, సబ్బు తెచ్చి అతని ముందు కూర్చుంది. అతను ఎడమచేయి ఇవ్వలేదు. ఆమె బతిమాలలేదు, ఊరికే ఎదురుచూసింది. చివరికి తనే చాపాడు. గోళ్లలో ఇరుక్కున్న నలుపును ఆమె మెల్లగా తీసింది. అది అయ్యాక ఒళ్లో పడి ఉన్న కుడిచెయ్యిని కూడా అందుకుంది. దానికి మరకే లేదు. అయినా సబ్బు పెట్టి, వేలు వేలూ కడుగుతూ కూర్చుంది.