బీరయ్య పహిల్వాన్ కట్టు

శాలిబండలో ఎవరి ఎముక విరిగినా ముందు గుర్తొచ్చేది నాటుకట్టు కట్టే బీరయ్య పహిల్వానే. పెద్దాసుపత్రిలో సిమెంటు కట్టు వేయించుకున్నవాళ్లను చూస్తే ఆయనకు ఒళ్లు మండేది. "మనిషికి కట్టు కట్టుమంటే గోడ కట్టిండ్రు" అని ఎగతాళి చేసేవాడు.

అలాంటి మనిషిని చాంద్రాయణగుట్ట దగ్గర లారీ గుద్దింది. కుడి మణికట్టు విరిగింది. లారీ డ్రైవరే భయపడి ఆసుపత్రికి తీసుకుపోతానంటే, "నన్నా? దవాఖానకా?" అని మండిపడ్డాడు. లారీ గుద్దినప్పుడు కూడా అంత కోపం రాలేదు. ఇంటికొచ్చి ఎడమ చేత్తో తానే ఎముక సరిచేసుకున్నాడు. భార్య సక్కుబాయి గుడ్డుసొనలో మినప్పిండి కలిపి పట్టించి, ఆయన చెప్పినట్టే వెదురుబద్దలు పెట్టి కట్టింది.

కట్టు విప్పితే చెయ్యి వంకర. పిడికిలి బిగియదు, చాయ్ గిలాస నిలవదు. ఈ సంగతి ఇల్లు దాటలేదు. వచ్చినవాళ్లను "జర జరమొచ్చింది, మళ్ల రాండ్రి" అని తిప్పి పంపేవాడు. జ్వరం మాత్రం ఎన్ని నెలలుంటుంది? ఆ చేతి మీదే బతికే ఇల్లు అది.

ఒకప్పుడు ఆయన దగ్గర మోకాలు బాగుచేయించుకున్న సిరాజుద్దీన్ వకీలు విషయం తెలిసి పరుగెత్తుకొచ్చాడు.

"ఫికర్ చెయ్యకు పహిల్వాన్. లారీకి బీమా ఉంది. కానూన్ ప్రకారం కంపెనీ నష్టం కట్టాలె. డాక్టర్ సాబ్‌ను నేనే ఇంటికి తోల్కొస్త, చూసి రాసిస్తడు. కోర్టుల ఒక్క మాట చెప్పు, 'ఈ చెయ్యి ఇంక పనికి రాదు' అని. బస్."

ఒక్క మాటే. కానీ ఆ మాట అనమన్నప్పుడల్లా బీరయ్య ఇంకో మాట ఎత్తుకునేవాడు.

"నిజమే గదనయ్యా, చెప్పనీకి ఏమైతది?" అంది సక్కుబాయి.

"నీకేం ఎరుక!" అని కసిరాడు. తన చెయ్యి తానే బాగుచేసుకోలేనివాడి దగ్గరికి రేపు ఎవడొస్తాడు?

కోర్టులో అందరూ కొత్తవాళ్లే ఉంటారనుకున్నాడు. తీరా వెళితే సగం శాలిబండ అక్కడే ఉంది. పాపం, అభిమానం కొద్దీ దుకాణాలు కట్టేసి మరీ వచ్చారు. వాళ్లను చూసి బీరయ్య కుడిచెయ్యి కండువా కింద దాచుకున్నాడు.

కంపెనీ వకీలు నెమ్మదస్తుడు. నవ్వుతూ అడిగాడు.

"మీ చేతికి కట్టు కట్టిందెవరు?"

"నేనే కట్టిచ్చుకున్న."

"చెయ్యి పనికిరాకుండా పోయిందంటున్నారు. అంటే మీ కట్టు సరిగ్గా పడలేదన్నమాట?"

సిరాజుద్దీన్ లేవబోయేలోపే బోనులో పహిల్వాన్ రెచ్చిపోయాడు.

"నా కట్టు తప్పుతదా? గీ శాలిబండల ఎవర్నన్న అడుగు!" అంటూ కుడిచెయ్యి పైకెత్తి, పళ్లు బిగబట్టి, గిర్రున తిప్పి చూపించాడు. నొప్పికి కళ్లు తిరిగాయి. వెనక నుంచి "వహ్వా!" అన్నారు. జడ్జిగారు కూడా మెచ్చుకోలుగా చూసి, ఏదో రాసుకున్నారు. నష్టమేమీ లేదని తీర్పొచ్చింది.

వరండాలో సిరాజుద్దీన్ తల పట్టుకున్నాడు. "నా కేసు నడుము ఇరగ్గొట్టినవ్ గద మియా! ఇగ దీనికేం కట్టు కడ్తవ్?"

మర్నాడు పొద్దున్నే ఇంటి ముందు జనం. జడ్జి ముందే చెయ్యి తిప్పి చూపిన పహిల్వానాయె! ముందు నిలబడ్డవాడు మలక్‌పేట గుర్రాలశాలలో పనిచేసే ఇస్సాకు. గుర్రం విదిలిస్తే భుజం జారిందట.

బీరయ్యకు ఏడుపొచ్చినంత పనైంది. ఇస్సాకును గోడవైపు తిప్పి కూర్చోబెట్టాడు.

"కండ్లు మూసుకో. నీ దేవున్ని తలుచుకో. నేను చెప్పేదాక తెరువకు."

తర్వాత సక్కుబాయికి సైగ చేశాడు. ఆమె కొంగు బిగించి వచ్చింది. ఇన్నేళ్లూ సొన కలుపుతూ చూస్తూనే ఉందిగా. పట్టుకుంది, లాగింది, నొక్కింది. టక్కున కూర్చుంది భుజం.

ఆమె పక్కకు తప్పుకున్నాక ఇస్సాకు కళ్లు తెరిచి, చెయ్యి ఆడించి, పహిల్వాన్‌కు దండం పెట్టాడు.

"ఏం చెయ్యన్నా నీది! ఎన్కట నువ్వు పట్టుకుంటె పానం పోయేది. లారీ గుద్దినంక మస్తు మెత్తగైంది."

సక్కుబాయి చేతులు తుడుచుకుంటూ, "ఇంకొకర్ని రమ్మను" అంది.